మన ఊరి కబురు మనమే రాద్దాం

శ్రీముఖలింగం గుడికి మనం ఎన్నోసార్లు వెళ్లాం. మధుకేశ్వరస్వామికి దండం పెట్టుకున్నాం. గుడి రాళ్ల మీద రాతలు కూడా చూశాం. వాటిని శాసనాలు అంటారు. ఒకప్పుడు ఈ ఊరు గంగరాజుల రాజధాని. అప్పటి పేరు కళింగనగరం. గుడికి ఎవరు భూమి ఇచ్చారు, దీపానికి ఎవరు దానం చేశారు అన్న సంగతులు ఆ రాళ్ల మీద ఉన్నాయి.

ఒకరోజు రాత్రి బడిలో ఒక అప్ప అడిగింది.

"పంతులమ్మా, ఆ రాళ్ల మీద మనలాటోళ్ల కట్టం సుకం ఏటైనా రాసున్నాదా?"

"లేదప్పా. రాజులు, ఉన్నవాళ్లు వాళ్ల సంగతి రాయించుకున్నారు. అప్పుడు మనకి అక్షరం లేదు."

"ఇప్పుడొచ్చింది కదా! మరిప్పుడేటి రాద్దుం?"

మంచి ప్రశ్న. దీనికి జవాబు నెల్లూరు జిల్లాలో దొరుకుతుంది.

దూబగుంట ఆడవాళ్లు

కలిగిరి మండలంలో దూబగుంట అనే చిన్న ఊరు ఉంది. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. మనలాగే అక్కడి ఆడవాళ్లు కూలి పని చేసుకుని వచ్చి, రాత్రిపూట చదువుకున్నారు. వాళ్ల పుస్తకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఉంది. సారా వల్ల ఇల్లు ఎలా పాడయిందో, ఆడవాళ్లు ఏకమై సారా కొట్టును ఎలా మూయించారో అందులో ఉంది.

పాఠం చదివారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇది మన కథే కదా అనుకున్నారు. మగవాళ్ల కూలి డబ్బులు సారా ప్యాకెట్లకే పోతున్నాయి. పిల్లలకు గంజి లేదు. ఇంట్లో దెబ్బలు. అందరూ కలిసి తమ ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. వారిలో ముందు నిలిచిన రోశమ్మ పేరు తరవాత రాష్ట్రమంతా తెలిసింది.

ఒక ఊళ్లో జరిగింది మరో ఊరికి ఎలా తెలిసింది? ఆ ఊరి కథ మళ్లీ పాఠమై చదువు కేంద్రాలకు వెళ్లింది. పేపర్లలో కూడా వచ్చింది. 'ఈనాడు' పత్రిక 1974 ఆగస్టు 10న మన విశాఖపట్నంలోనే మొదలైంది. 1989లో అది ప్రతి జిల్లాకూ వేరే పేజీలు వేయసాగింది. అంతవరకు పేపరంటే ఢిల్లీ కబుర్లు, హైదరాబాదు కబుర్లే ఎక్కువ. జిల్లా పేజీలు వచ్చాక ఊరి బోరింగు, ఊరి బడి కూడా వార్తలయ్యాయి. 1992లో సారా మీద పోరాటం జరుగుతుంటే ఆ పత్రిక దానికి రోజూ చోటిచ్చింది. చదువు వచ్చినవాళ్లు పైకి చదివారు. రానివాళ్లు చుట్టూ కూర్చుని విన్నారు. 'వాళ్లు చేయగా లేనిది మనం చేయలేమా?' అనుకున్నారు.

1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో సారా ఆగింది. అదే ఏడు అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం వచ్చింది. కాని 1997లో దాన్ని సడలించారు.

ఇందులో రెండు పాఠాలు ఉన్నాయి. అచ్చయిన మాటకు బలం ఉంది. కాని ఒకసారి అచ్చయితే పని అయిపోయినట్టు కాదు. అడుగుతూనే ఉండాలి.

పరిశోధన ఏం చెప్పింది?

పేపరు వల్ల మేలు ఉందా లేదా అని చదువుకున్నవాళ్లు లెక్కలు తీశారు. టిమోతీ బెస్లీ, రాబిన్ బర్జెస్ అనే ఇద్దరు మన దేశంలోని 16 రాష్ట్రాల లెక్కలు చూశారు. 1958 నుంచి 1992 వరకు లెక్కలు అవి. 2002లో వారి పరిశోధన అచ్చయింది.

వారు చెప్పింది ఇది. పేపర్లు ఎక్కువగా నడిచే రాష్ట్రాల్లో, పంట పోయినప్పుడు ప్రభుత్వం తిండిగింజలు ఎక్కువ పంచింది. వరదలు వచ్చినప్పుడు సాయం ఎక్కువ చేసింది. అందులోనూ ఆ ప్రాంతం భాషలో వచ్చే పేపర్ల వల్లే ఈ మేలు ఎక్కువ కనిపించింది. ఎందుకు? జనం చూస్తున్నారు, చదువుతున్నారు, ఓటు వేసేటప్పుడు గుర్తు పెట్టుకుంటారు అని పాలించేవాళ్లకు తెలుసు.

అమెరికాలో విచిటా అనే ఊరి పత్రిక 1990 ఎన్నికల్లో ఒక కొత్త పని చేసింది. నాయకులు ఏం చెబుతున్నారో రాసి ఊరుకోలేదు. 'మీకు ఏం కావాలి?' అని ముందు జనాన్ని అడిగింది. ఇలా జనం మాటతో మొదలయ్యే వార్తల పనిని పౌర పాత్రికేయం అంటారు.

మన తెలుగు ఆడవాళ్లు ఇంకో అడుగు ముందుకు వేశారు. 2001లో చిత్తూరు జిల్లాలో పొదుపు సంఘాల ఆడవాళ్లు 'నవోదయం' అనే పత్రిక పెట్టారు. తామే ఊళ్లు తిరిగి, తామే రాశారు. వాళ్లూ పల్లెటూరి వాళ్లే.

ఎలా రాయాలి?

వార్త రాయడానికి పెద్ద చదువు అక్కరలేదు. ఐదు సంగతులు ఉంటే చాలు. ఏం జరిగింది? ఎక్కడ? ఎప్పటి నుంచి? ఎంతమందికి ఇబ్బంది? ఏం చేయాలి?

ఇలా రాయవచ్చు:

"అయ్యా, మా వీధిలో బోరింగు పాడై 20 రోజులైంది. 40 ఇళ్ల వాళ్లం వంశధారలో చెలమలు తీసి నీళ్లు తెచ్చుకుంటున్నాం. రెండుసార్లు పంచాయతీలో చెప్పాం. వెంటనే బాగు చేయించాలి. ఇట్లు, వీధి వాసులు."

రాసే ముందు నిజమేనా అని చూసుకోవాలి. బోరింగు దగ్గరికి వెళ్లి చూడాలి. ఇళ్లు లెక్కపెట్టాలి. ఎవరి మీద చెబుతున్నామో వాళ్ల మాట కూడా అడగాలి. ఒకరి మీద కోపంతో అబద్ధం రాస్తే, రేపు మన నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. ఆఫీసు కాగితాలు చూడాలంటే 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం ఉంది. అర్జీ పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

పేపరులో వచ్చిందంతా నిజం అనుకోకూడదు. పేపరుకూ యజమాని ఉంటాడు. ఆయనకూ ఇష్టాలు, లాభాలు ఉంటాయి. ఒకే సంగతి రెండు పేపర్లలో చదివి పోల్చి చూడాలి.

ఇదంతా చెప్పాక ఆ అప్ప మళ్లీ అడిగింది. "సంతకం ఎడితే రేపు ఎవులైనా నన్ను పట్టుకుని అడుగుతారేమో?"

పక్కన కూర్చున్న పిన్ని అంది. "నువ్వొక్కర్తివీ ఎడితే అడుగుతారే. నలబై మందిమీ ఎడితే ఎవుల్ని అడుగుతారు?"

ఆ రోజు నేను చెప్పిన పాఠం కంటే పిన్ని చెప్పిందే పెద్ద పాఠం. వేలిముద్ర వేసిన చేతులే ఇవాళ సంతకం పెడుతున్నాయి. ఆ సంతకాలు కలిస్తే ఊరి కబురు అవుతుంది.

కొత్త మాటలు
శాసనం: రాతి మీద, రాగిరేకు మీద చెక్కిన రాత.
పరిశోధన: వెతికి, లెక్క చూసి నిజం తేల్చడం.
విలేకరి: పత్రికకు వార్త రాసి పంపేవారు.

ఆలోచించండి
1. దూబగుంట ఆడవాళ్లకు పాఠం ఎలా ఉపయోగపడింది?
2. 1997లో ఏమైంది? దాని వల్ల మనకేం తెలిసింది?
3. రాసే ముందు నిజం ఎందుకు చూసుకోవాలి?

చేసి చూడండి
నలుగురు కలిసి మీ వీధిలో తిరగండి. ఒక ఇబ్బందిని ఎంచుకోండి. పై ఐదు సంగతులూ రాయండి. కేంద్రంలో పైకి చదవండి. అందరూ సరే అంటే సంతకాలు పెట్టి పంచాయతీకి ఒకటి, పత్రికకు ఒకటి పంపండి. జవాబు వచ్చేదాకా మళ్లీ మళ్లీ అడగండి.