ఆటగాని ఎంపిక – కథాగమనము

కథను చదివేవాడు, నాటకమును చూచేవాడు రచయిత వేసిన బాటలోనే నడవవలసి ఉన్నది. నాయకుడు తప్పటడుగు వేసినపుడు మనము నొచ్చుకుంటామే గాని, అతని చేయి పట్టి ఆపలేము. ఈ పరిమితిని దాటజూచిన కథారూపమే ఆటగాని నిర్ణయములను బట్టి సాగే వీడియో ఆట. అందులో ఆటగానికి లభించే స్వేచ్ఛ ఎంతటిదో పరిశీలిద్దాము.

ఇటువంటి ప్రయత్నము వెండితెరపై ముందే జరిగినది. 1967లో కెనడాలోని మాంట్రియల్ నగరములో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో చెకోస్లొవేకియా వారు ‘కినో ఆటోమాట్’ అనే చిత్రమును ప్రదర్శించారు. దర్శకుడు రదూజ్ చించెరా. కీలక ఘట్టములలో చిత్రము ఆగేది. ప్రేక్షకులు తమ ఆసనముల వద్ద అమర్చిన మీటలు నొక్కి, నాయకుడు ఏమి చేయవలెనో ఓటు ద్వారా తేల్చేవారు. అయితే వారు ఏ దారి ఎన్నుకున్నా చివరకు భవనము మంటలపాలు కావడము తప్పేది కాదు.

ఇట్లు చేయడానికి కారణము గణితములో ఉన్నది. ఒక్కొక్క ఘట్టములో రెండేసి దారులు చీలుతున్నవనుకుందాము. పది ఘట్టములు గడిచేసరికి కథలు 1,024 అవుతాయి. ఇరువది ఘట్టములకు 10,48,576. ఇన్ని కథలను ఏ రచయిత వ్రాయగలడు? అందుచేత గోదావరి పాయలు లంకకు ఇరువైపులా పారి మరల కలిసినట్లు, చీలిన దారులను కొంత దూరము నడిపి ఒకచోట కలుపుతారు.

2012లో టెల్‌టేల్ సంస్థ వెలువరించిన ‘ది వాకింగ్ డెడ్’ ఇందుకు మంచి ఉదాహరణ. ఇందులో లీ అనే ఖైదీ, క్లెమెంటైన్ అనే అనాథ బాలికను కాపాడుతూ ఉంటాడు. మొదటి భాగములో ఇద్దరు సహచరులు ఒకేసారి ఆపదలో చిక్కుకుంటారు. ఒక్కరినే రక్షించగలము, ఆలోచించడానికి వ్యవధి కొన్ని క్షణములే. ఎవరిని రక్షించినా, ఆ వ్యక్తి మూడవ భాగములో మరణించక తప్పదు. లీ మరణమును కూడా తప్పించలేము.

ఈ సంగతి మేము తరగతిలో చెప్పినపుడు ఒక విద్యార్థి లేచి, “ఏది ఎంచుకున్నా జరిగేది అదే అయితే, ఇది మోసము కాదా సార్?” అని అడిగాడు. ప్రశ్న న్యాయమైనదే. సంఘటనలను మార్చడమే ఎంపిక ప్రయోజనమనుకుంటే, అతని మాట ఒప్పుకోవలసినదే. కాని ఆటలో ఆ బాలిక మనలను గమనిస్తూ ఉంటుంది. మన మాటలను గుర్తుంచుకుంటుంది. ఎవరిని విడిచిపెట్టామో, ఎందుకు విడిచిపెట్టామో మన మనస్సులోనూ నిలిచిపోతుంది. కథ మారకపోయినా, ఆ కథలో మనము ఎటువంటి మనిషిగా నడచుకున్నామో మారినది.

2015లో అమెరికాకు చెందిన టోబీ ఫాక్స్ రూపొందించిన ‘అండర్‌టేల్’ ఈ భావమును మరింత ముందుకు తీసుకుపోయినది. ఇందులో ఎదురైన ప్రతి ప్రాణినీ చంపక విడిచిపెట్టే వీలున్నది. ఒకరిని చంపి, పశ్చాత్తాపపడి, ఆటను వెనుకకు మరల్చి రక్షించామనుకోండి. తెరపై జరిగిన హత్య చెరిగిపోతుంది. కాని ఒక పాత్ర మనము చేసిన పనిని మనకే ఎత్తిచూపుతుంది. ఆటను వెనుకకు త్రిప్పవచ్చును గాని, చేసినది చేయనట్లు నటించలేము.

మన బేతాళ కథలను ఒకసారి తలచుకుందాము. బేతాళుడు చెప్పే కథను విక్రమార్కుడు మార్చలేడు. అందులో జరిగినదంతా జరిగిపోయినది. అయినా అతడు తీర్పు చెప్పి తీరవలెను. తెలిసి మౌనము వహిస్తే తల వ్రక్కలవుతుంది. వినేవానిని బాధ్యునిగా చేసే ఈ పద్ధతి మనకు పరిచితమైనదే. వీడియో ఆట ఆ ప్రశ్నను కథ ముగిసేవరకు ఆపక, నడుమనే వేస్తున్నది.

కావున విద్యార్థులు ఇటువంటి ఆటను విమర్శించేటపుడు, ముగింపులు ఎన్ని ఉన్నవని లెక్కించి ఊరుకోరాదు. ఆట తమను ఏమి అడిగినది, తాము ఏమి బదులు చెప్పినారు అనే విషయమును కూడా విచారించవలెనని మా మనవి.