పక్క ఊరికి కబురు చేరాలంటే

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. మర్నాడు ఊళ్ళో చాలామంది చేతుల్లో సెల్‌ఫోన్లు ఉన్నాయి గాని వాటిలో మాట లేదు. సెల్‌ఫోను తీగలు లేని వస్తువు గదా, గాలివానకు అది ఎందుకు మూగబోవాలి అని మీకు సందేహం రావచ్చు. ఫోను నుంచి దగ్గరలోని టవరు వరకు మాత్రమే మన మాట గాలిలో పోతుంది. టవరు పనిచేయడానికి కరెంటు కావాలి. కరెంటు పోతే బ్యాటరీలు కొన్ని గంటలు నడుపుతాయి. ఆ తరువాత జనరేటరుకు డీజిలు మోసుకుపోవాలి. టవరు నుంచి ముందుకు మాట చాలావరకు కేబుళ్ళలో ప్రయాణిస్తుంది. చెట్టు కూలినా, కల్వర్టు కొట్టుకుపోయినా ఆ కేబులు తెగుతుంది. వీటిలో ఏ ఒక్కటి దెబ్బతిన్నా రెండు వీధుల అవతల ఉన్న మేనత్తతో కూడా మాట్లాడలేము.

ఇద్దరు మనుష్యుల మధ్య టవరు, ఎక్స్ఛేంజి, కేబులు ఏవీ లేకుండా మాట నేరుగా పోగలిగితే? అలా మాట్లాడేవారు మన దేశంలో ఎప్పటి నుంచో ఉన్నారు. వారిని హ్యామ్‌లు అంటారు. హ్యామ్ అంటే ఔత్సాహిక రేడియో ప్రసారకుడు. వీరిలో టీచర్లు, బ్యాంకు గుమాస్తాలు, రైతులు, కాలేజి విద్యార్థులు అందరూ ఉంటారు. వీరు ప్రభుత్వం పెట్టే పరీక్ష వ్రాసి, లైసెన్సు తీసుకుని, స్వంత ఖర్చుతో ఇంట్లో చిన్న రేడియో స్టేషను పెట్టుకుంటారు. ప్రతి స్టేషనుకు ఒక పిలుపు గుర్తు ఉంటుంది. మన దేశపు హ్యామ్‌ల గుర్తులు సాధారణంగా ‘వీయూ’ అనే అక్షరాలతో మొదలవుతాయి. ఈ పనికి డబ్బు తీసుకోకూడదు. హైదరాబాదులో 1983లో స్థాపించిన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ ఎంతోమందికి ఈ విద్య నేర్పింది. ఒక ప్రాంతంలో ఉన్న హ్యామ్‌లు కొందరు కలిసి, ఆపద సమయంలో వార్తలు అందించడానికి స్వచ్ఛంద బృందంగా ఏర్పడడం కూడా ఉంది.

ఈ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ అనే హ్యామ్ 2004 డిసెంబరులో ఒక బృందంతో అండమాన్ దీవులలోని పోర్ట్‌బ్లెయిరుకు వెళ్ళారు (2024లో ఆ ఊరి పేరును శ్రీ విజయపురంగా మార్చారు). వెళ్ళింది సరదా కోసమే. ఆ దీవుల నుంచి చాలా ఏళ్ళుగా ఔత్సాహిక స్టేషను ఏదీ పలకలేదు. అందుచేత ప్రపంచమంతటా ఉన్న హ్యామ్‌లు అక్కడివారితో ఒక్కసారి మాట కలపాలని ఎదురుచూస్తున్నారు. డిసెంబరు 26 ఉదయం 6 గంటల 29 నిముషాలకు సుమత్రా దగ్గర సముద్రగర్భంలో మహాభూకంపం వచ్చింది. దాని వెంటనే సునామీ వచ్చింది. దీవులలో కరెంటు పోయింది, టెలిఫోన్లు పోయాయి. సరదాకు తెచ్చిన రేడియో సెట్లే ఆ రోజు నుంచి దీవుల కబుర్లను ప్రధాన భూభాగానికి మోశాయి. ఎవరు క్షేమం, ఎవరి ఆచూకీ తెలియదు, ఏ మందులు కావాలి, ఇవే ఆ కబుర్లు. తరువాత బృందంలో కొందరు సునామీ తీవ్రంగా దెబ్బతీసిన కార్ నికోబార్‌కు వెళ్ళి అక్కడ కూడా స్టేషను పెట్టారు.

ఇప్పుడు ఒక ప్రశ్న. పోర్ట్‌బ్లెయిరు నుంచి హైదరాబాదు సుమారు 1,650 కిలోమీటర్లు. కార్ నికోబార్ సుమారు 270 కిలోమీటర్లు. రేడియోలో దేనితో మాట్లాడడం సులువు? దగ్గరగా ఉన్నదానితోనే అని మీరంటారు. చాలా సందర్భాలలో జవాబు తలక్రిందులుగా ఉంటుంది! ఎందుకో చూద్దాం.

హ్యామ్‌లు చేతిలో పట్టుకునే చిన్న సెట్లు చాలావరకు 144 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేస్తాయి. ఈ తరంగాలు దాదాపు సరళరేఖలో పోతాయి. భూమి గుండ్రంగా ఉంది కనుక కొంత దూరం పోయాక భూమి క్రిందికి వంగిపోతుంది, తరంగం పైకి పోతుంది. ఏరియల్ ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.1తో హెచ్చవేయండి. తరంగం చేరగల దూరం కిలోమీటర్లలో వస్తుంది. 25 మీటర్ల మేడమీద ఏరియల్ పెడితే 20 కిలోమీటర్లు. అవతలివారి ఏరియల్ కూడా అంతే ఎత్తున ఉంటే రెండూ కలిసి 40. ఒక పట్టణంలో సహాయ శిబిరాలను కలపడానికి ఇది బాగా సరిపోతుంది. 270 కిలోమీటర్లకు ఏ మూలకూ చాలదు.

దూరానికి హ్యామ్‌లు హ్రస్వ తరంగాలను వాడతారు. మనకు చాలా ఎత్తున, సుమారు 250 నుంచి 400 కిలోమీటర్ల మధ్య, సూర్యరశ్మి వల్ల గాలిలోని పరమాణువుల నుంచి ఎలక్ట్రానులు విడిపోయి ఉంటాయి. ఇది అయనావరణంలోని పై పొర. హ్రస్వ తరంగాలను ఈ పొర వంచి తిరిగి భూమికి పంపుతుంది. కాని ఒక షరతు ఉంది. 14 మెగాహెర్ట్జ్ తరంగం ఏటవాలుగా తగిలితే వంగి వెయ్యి, రెండువేల కిలోమీటర్ల దూరంలో దిగుతుంది. చెరువులో పెంకు విసిరి కప్పగంతులు వేయించడం మీకు తెలుసు గదా. వాలుగా విసిరితే పెంకు ఎగిరిపోతుంది, నిట్టనిలువుగా వేస్తే మునిగిపోతుంది. 14 మెగాహెర్ట్జ్ తరంగం కూడా నిలువుగా తగిలితే సాధారణంగా పొరను చీల్చుకుని అంతరిక్షంలోకి పోతుంది, తిరిగి రాదు. కాబట్టి ఏరియల్‌కు చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర ఒక మూగ ప్రాంతం ఏర్పడుతుంది. నేలబారున వచ్చే తరంగం అంతదూరం రాలేదు, ఆకాశం నుంచి దిగే తరంగం దాన్ని దాటి ఎక్కడో పడుతుంది. పోర్ట్‌బ్లెయిరు మాట హైదరాబాదుకు చక్కగా వినిపించి, కార్ నికోబార్‌కు వినిపించకపోవడానికి ఇదే కారణం కాగలదు.

మరి దగ్గరి ఊరికి కబురు ఎలా? పౌనఃపున్యాన్ని తగ్గించాలి. పగటిపూట 7 మెగాహెర్ట్జ్ తరంగాన్ని మన ప్రాంతపు అయనావరణం నిలువుగా తగిలినా సాధారణంగా వెనక్కి పంపగలదు. రాత్రి సూర్యరశ్మి లేక పొర పలచబడుతుంది కాబట్టి 3.5 మెగాహెర్ట్జ్‌కు దిగవలసి రావచ్చు. రెండో పని, ఏరియల్‌ను కూడా దించాలి! 7 మెగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం సుమారు 43 మీటర్లు. దీనికి తగిన ఏరియల్ ఇరువైపులా పదేసి మీటర్ల తీగ, అంతే. దాన్ని 20 మీటర్ల ఎత్తున కడితే శక్తిలో ఎక్కువ భాగం వాలుగా దూరానికి పోతుంది. నాలుగైదు మీటర్ల ఎత్తున కడితే క్రింద నేల దాన్ని పైకి తోసి, శక్తినంతా దాదాపు నిలువుగా పంపుతుంది. బడి తోటలో నీళ్ళ గొట్టాన్ని ఆకాశానికి ఎత్తి పట్టుకుంటే నీళ్ళు మన చుట్టూనే పడతాయి, ఇదీ అలాంటిదే. చుట్టుపక్కల మూడు నాలుగు వందల కిలోమీటర్ల వరకు ఎక్కడా మూగ ప్రాంతం లేకుండా మాట వినిపిస్తుంది. ఎత్తయిన స్తంభాలమీద గర్వంగా ఏరియల్ నిలబెట్టే హ్యామ్‌కు రెండు కొబ్బరిచెట్ల మధ్య దుప్పటి ఆరవేసే ఎత్తున తీగ కట్టడం చిన్నతనంగా తోచవచ్చు గాని, పడిపోయిన స్తంభాల మధ్య అదే సులువైన పని కూడాను. విద్యుత్ తీగల దరిదాపుల్లో మాత్రం కట్టకూడదు.

తీగ కట్టడంతో పని పూర్తి కాదు. తుపాను రోజున ఆకాశంలో మెరుపుల గరగర చాలా ఉంటుంది. ఆ గరగరలో ‘ఇరవై’, ‘అరవై’ ఒకలాగే వినిపిస్తాయి. బడి మేడమీద చిక్కుకున్నవారు ఇరవైమంది అయితే ఒక పడవ చాలు. అరవైమంది అయితే మూడు పడవలు కావాలి. అందుకని హ్యామ్‌లు అంకెలను విడదీసి ‘ఆరు, సున్న’ అంటారు. బీ, డీ, పీ, టీ అనే ఇంగ్లీషు అక్షరాలు కూడా కలిసిపోతాయి కాబట్టి అల్ఫా, బ్రేవో, చార్లీ అంటూ ఒక్కొక్క అక్షరానికి ఒక మాట వాడతారు. మన జిల్లాలలో కొత్తపల్లులు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఏ మండలంలోని కొత్తపల్లో చెప్పకపోతే బియ్యం వేరే ఊరికి పోతాయి. కబురుకు వరుస సంఖ్య, పంపిన వేళ, పంపినవారు, అందవలసినవారు, మాటల లెక్క ఉంటాయి. విన్నవారు వ్రాసుకుని తిరిగి చదివి వినిపిస్తారు. లెక్క తప్పితే మళ్ళీ మొదటి నుంచి.

ఇవన్నీ ఆపద రోజున నేర్చుకోవడానికి వీలుండదు. కనుక ఇలాంటి బృందాలు వారానికి ఒకసారో, తమకు వీలైన మరో రోజునో, ఒక నియమిత వేళకు రేడియోలో కలుసుకుంటాయి. ఒకరు అధ్యక్షత వహించి హాజరు పిలుస్తారు. పిలిస్తే తప్ప తక్కినవారు నోరు మెదపకూడదు. అప్పుడప్పుడు ఇంటి కరెంటు మెయిన్ స్విచ్ తీసేసి బ్యాటరీమీదనే పనిచేసి చూస్తారు. లెక్క మీరూ చేయండి. 40 ఆంపియర్-గంటల బ్యాటరీ ఉందనుకోండి. సెట్టు వింటున్నప్పుడు 1 ఆంపియరు, 100 వాట్లతో మాట్లాడేటప్పుడు 20 ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. గంటలో 6 నిముషాలు మాట్లాడితే 2, తక్కిన 54 నిముషాలు వింటే 0.9, మొత్తం 2.9 ఆంపియర్-గంటలు. అంటే బ్యాటరీ పధ్నాలుగు గంటలు కూడా నిండా రాదు. వాట్లను పావు వంతుకు, 25కు, తగ్గిస్తే అవతలి సెట్టు మీటరు మీద సంకేతం సుమారు ఒక్క గుర్తే తగ్గుతుంది. వినగలిగినంత మేరకు తక్కువ శక్తితో, తక్కువ మాటలతో పని కానిచ్చేవాడే వీరిలో నేర్పరి.

రేడియో లేకపోయినా మీ తరగతిలో ఒక పరీక్ష చేయవచ్చు. ఆటస్థలంలో అయిదుగురిని ముప్ఫై అడుగుల ఎడంలో వరుసగా నిలబెట్టండి. మిగిలినవారు గరగరకు బదులు ఈలలు వేస్తూ, చప్పట్లు కొడుతూ ఉండాలి. మొదటివారికి ఈ కబురు ఇవ్వండి: “కొత్తపేట బడి మేడమీద 60 మంది ఉన్నారు. వారిలో పిల్లలు 16 మంది. మంచినీళ్ళ డబ్బాలు 20 కావాలి. పడవ తూర్పు వైపు నుంచి రావాలి.” మొదటిసారి వ్రాసుకోకుండా, తిరిగి చదవకుండా ఒకరి నుంచి ఒకరికి అరిచి చెప్పాలి. రెండవసారి అంకెలు విడదీసి, మాటలు లెక్కపెట్టి, కాగితం మీద వ్రాసుకుని, తిరిగి చదివి వినిపించి పంపాలి. రెండుసార్లూ అయిదవవారికి చేరిన కబురును, పట్టిన సమయాన్ని నల్లబల్లమీద పక్కపక్కన వ్రాయండి.