ప్రశ్నకు లంచం.. పదవికి ఎసరు

సభలో ప్రశ్న అడగడానికి డబ్బు పుచ్చుకోవడం కొత్త రోగమేమీ కాదు. 1951లోనే తాత్కాలిక పార్లమెంటు సభ్యుడు హెచ్.జి. ముద్గల్ ఈ ఆరోపణలో ఇరుక్కుని, బహిష్కరణకు ముందే రాజీనామా చేశారు.

పరీక్షలకు అసలు బిట్ 2005 డిసెంబరు 23. ‘ఆపరేషన్ దుర్యోధన’ అనే స్టింగ్ ఆపరేషన్‌లో దొరికిన 11 మందిపై వేటు పడింది: లోక్‌సభ 10, రాజ్యసభ 1. బహిష్కరించే అధికారం రాజ్యాంగం 105(3) అధికరణ కింద సభకు ఉందని రాజారాం పాల్ కేసులో (2007) సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక ఓటుకు లంచం సంగతి. పి.వి. నరసింహారావు కేసు (1998) తీర్పు 3:2. లంచం తీసుకుని ఓటేసినవారికి విచారణ నుంచి 105(2) రక్షణ దక్కింది. తీసుకుని ఓటేయని సభ్యుడికి దక్కలేదు. వింతే మరి! 2024 మార్చి 4న సీతా సోరెన్ కేసులో ఏడుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ తీర్పును కొట్టేశారు.

సభ్యుల ఇలాంటి నడతను పరిశీలించే నైతిక విలువల కమిటీ ముందు ఏర్పడింది రాజ్యసభలో (1997). లోక్‌సభలో 2000లో. ఈ వరుస తారుమారు చేసి అడుగుతారు, జాగ్రత్త.