చికిత్స ముగిసిన పిమ్మట

శేరిలింగంపల్లిలోని పాఠశాల యొకదానికి పదునాలుగేండ్ల బాలిక తిరిగి వచ్చినదనుకొనుడు. ఆమె కూర్చున్నది ఏడవ తరగతిలో. పూర్వపు స్నేహితురాండ్రు తొమ్మిదవ తరగతిలో నున్నారు. రక్త క్యాన్సరు చికిత్సకై ఆమె రెండేండ్లకు పైగా లింగంపల్లిలో రైలెక్కి, లకడీకాపూల్‌లో దిగి, రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రికి పోయినది. 1955లో స్థాపితమైన ఆ ఆసుపత్రి మెహదీ నవాజ్ జంగ్ పేర వెలయుచున్నది. బాల్యమున వచ్చు ఈ వ్యాధి తగిన చికిత్సచే పెక్కుమందికి నయమగును.

రాలిన జుట్టు మరల మొలచినది. బంధువులు మిఠాయిలు పంచిరి. కాని బాలికకు నిద్ర పట్టుట లేదు. ఇది వింతగా తోచవచ్చును. వైద్యులకు మాత్రము తెలిసిన సంగతియే. చికిత్సాకాలమున దేహమును కాపాడుకొనుటతోడనే దినములు గడచును, పలుకరించుటకు నర్సులుందురు. అది ముగిసిన పిదప, అంతవరకు అణగియున్న భయము తల యెత్తును. కొంచెము జ్వరము తగిలినను "మరల వచ్చెనా?" యను సందేహము. తల్లి బెదరునని ఆమె తలనొప్పిని దాచును. కూతురు బెదరునని తల్లి కన్నీరు దాచును. పరీక్షకు పోవలసిన దినము సమీపించిన కొలది ఇంటిలో మాటలు తగ్గును.

బడిలో మరియొక చిక్కు. ఆమె రాగానే పిల్లలు మాటలాపుదురు. ఇది అంటువ్యాధి కాకున్నను, ఆమె ప్రక్కన కూర్చుండి అన్నము తినుటకు కొందరు జంకుదురు. జాలిచూపులు అంతకంటె బాధించును. మెట్లెక్కునపుడు వచ్చు ఆయాసము కొన్ని మాసములుండవచ్చును. దానిని సోమరితనమనుట అన్యాయము. ఆమె చెప్పదలచిన నాడు వినువారొకరు కావలెను. దిగులు వారముల తరబడి తొలగకున్నచో మానసిక వైద్యునకు చూపవలెను.

ఒకనాడు లెక్కలు చేయలేదని ఉపాధ్యాయుడు అందరితోపాటు ఆమెను గూడ మందలించెను. ఆమె తల వంచుకొని లోలోన నవ్వుకొన్నది.