లాన్‌లో మచ్చలొచ్చాయా? కంగారుపడకు చెల్లీ!

ముందు ఆ టీ చల్లారకముందే తాగు. లాన్ ఎక్కడికీ పోదు, దాని సంగతి నెమ్మదిగా మాట్లాడుకుందాం. ఇంటి ముందు కాస్త పచ్చగా ఉండాలని మనం ఎంత ఆశపడతాం! పొద్దున్నే పైపు పట్టుకుని నీళ్లు పెడతాం, కలుపు ఏరుతాం, పిల్లలు సైకిళ్లతో తొక్కితే కేకలేస్తాం. ఇంత చేశాక ఒకరోజు తలుపు తీసి చూస్తే పచ్చటి గడ్డి మధ్యలో పళ్లెమంత గోధుమరంగు మచ్చ! వారం తిరిగేసరికి పక్కనే ఇంకొకటి. మనసు చివుక్కుమనదూ? పైగా వచ్చినవాళ్లు ఊరుకుంటారా? ఒకరు "నీళ్లు చాలట్లేదు" అంటారు, ఇంకొకరు "కాస్త యూరియా చల్లమ్మా" అంటారు, మూడోవాళ్లు పురుగుమందు పేరు చెప్పి మరీ వెళ్తారు.

నువ్వు మాత్రం ఆ మూడూ ఒకేసారి మొదలుపెట్టకు. తెగులు పట్టిన గడ్డికి నీళ్లు ఎక్కువ పెడితే తెగులు ముదురుతుంది. దాహంతో ఉన్న గడ్డికి యూరియా వేస్తే మాడిపోతుంది. పురుగే లేనిచోట పురుగుమందు కొడితే వానపాములు చస్తాయి, డబ్బులు పోతాయి. అందుకే మందు సంగతి తర్వాత, ముందు మచ్చను చూడు. ఓపిగ్గా చూస్తే కారణం చాలావరకు అక్కడే దొరుకుతుంది.

మొట్టమొదట ఆ గడ్డి చచ్చిందా, నిద్రపోయిందా తేల్చుకోవాలి. మన సారపాక ఎండలు నీకు కొత్తా? మే నెల వచ్చిందంటే భద్రాచలం, కొత్తగూడెం చుట్టుపక్కల 45 డిగ్రీల మాట వింటూనే ఉంటాం. మన లాన్లలో ఎక్కువగా ఉండేది గరిక. అది మహా మొండిది. నీళ్లు అందకపోతే పైన ఆకును వదిలేసుకుని, ప్రాణమంతా నేలలోని కణుపుల్లో దాచుకుంటుంది. ఎండిన చోట రెండంగుళాలు తవ్వి ఒక కాడ తీసి గోటితో గీకి చూడు. లోపల తెల్లగా, గట్టిగా ఉంటే అది బతికే ఉంది తల్లీ. వేళ్ల దాకా దిగేలా తడుపు, ఒకటి రెండు వారాల్లో చిగురేస్తుంది. కాడ పుటుక్కున విరిగి లోపల కూడా గోధుమరంగే ఉంటే, అప్పుడు వెతుకులాట మొదలుపెడదాం.

ఇప్పుడు ఆ మచ్చను గుప్పిట్లో పట్టుకుని పైకి లాగు. చాపలాగా ఊడి చేతిలోకి వచ్చేసిందా? అయితే కింద వేర్లను ఎవరో కొరికేశారన్నమాట. మట్టిని వేళ్లతో కదిలించు. గోధుమరంగు తల, బొద్దుగా తెల్లటి ఒళ్లు, కొడవలిలా వంకర తిరిగి పడుకున్న పురుగు కనిపిస్తే అదే వేరు పురుగు. అడుగు చదరంలో అయిదారుకి మించి ఉంటే నష్టం చేస్తున్నట్టే. ఈ పురుగు ఎక్కడిదో తెలుసా? తొలకరి వానలకు నేలలోంచి బయటికొచ్చే పెంకు పురుగుల పిల్ల ఇది. అవి పొద్దుగూకాక వేపచెట్ల మీద వాలి ఆకు తింటాయి, తర్వాత మట్టిలోకి దిగి గుడ్లు పెడతాయి. కాబట్టి మొదటి వాన పడ్డ రోజుల్లో రాత్రిపూట వేపకొమ్మలు దులిపి, రాలిన పురుగుల్ని కిరోసిన్ కలిపిన నీళ్లలో వేసేయాలి. ఒక్క ఇల్లు చేస్తే చాలదు, వీధి మొత్తం కలిసి చేయాలి. ఇంకో మాట, సరిగా మాగని పచ్చి పెంట లాన్‌లో వేయొద్దు, ఈ పురుగుకీ చెదలుకీ అది విందు భోజనం. బాగా చివికిన ఎరువులో వేపపిండి, మెటారైజియం అనే పురుగును చంపే శిలీంధ్రపు పొడి కలిపి తడి నేలలో వేస్తే పురుగు నెమ్మదిగా అదుపులోకి వస్తుంది.

గడ్డి ఊడి రాలేదా? అయితే పొద్దున్నే మంచు ఆరకముందే లేచి ఒకసారి చూడాలి. బద్ధకించకు, ఎండెక్కితే ఆ గుర్తు కనిపించదు. మచ్చ గుండ్రంగా ఉండి, అంచున గడ్డి మీద సాలెగూడు లాంటి సన్నటి తెల్లటి దారాలు కనిపిస్తే అది శిలీంధ్రం తెచ్చే తెగులు. ఆకు పట్టుకుని చూస్తే మధ్యలో పాలిపోయి, చుట్టూ ముదురు గోధుమ అంచున్న మచ్చలుంటాయి. మన చుట్టాల వరిపొలాల్లో పాముపొడ తెగులు చూశావు కదా? లాన్‌లో ఈ గోధుమ మచ్చలు తెచ్చేదీ ఎక్కువగా ఆ శిలీంధ్రమే, రైజోక్టోనియా సొలానీ. ఉక్కపోత, రాత్రంతా తడిగా ఉండే ఆకు, మోతాదు మించిన యూరియా, ఈ మూడూ కలిస్తే దానికి పండగ. అందుకే గోదావరి ఒడ్డున ఉన్న మనం జులై, ఆగస్టుల్లో మరీ జాగ్రత్తగా ఉండాలి. సాయంత్రం నీళ్లు పెట్టడం మానేయి, తెల్లవారాక పెట్టు. యూరియా ఆపు. కోసిన గడ్డిని అక్కడే కుప్పగా వదలకు. మాగిన ఎరువులో ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రపు పొడి కలిపి పలచగా చల్లు. చాలావరకు దీనితోనే తగ్గుతుంది.

ఇంకొక పరీక్ష ఉంది, దీనికి ఇంట్లో ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవర్ చాలు. బాగున్న చోట ఒకసారి, మచ్చలో ఒకసారి గుచ్చి చూడు. బాగున్నచోట సులువుగా దిగి, మచ్చలో టక్కుమని ఆగిందనుకో, కింద ఇటుక ముక్కలో, సిమెంటు పెళ్లలో ఉన్నట్టే. ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీలు మిగిలిన చెత్తంతా ముందు జాగాలోనే పూడ్చేసి పైన ఎర్రమట్టి పరిచి వెళ్లడం మనకు తెలియనిదా? అక్కడ మట్టి పలచగా ఉంటుంది, వేరు దిగదు, ఎండ తగలగానే ముందు ఆ చోటే మాడుతుంది. తవ్వి తీసేయడం తప్ప దానికి మందు లేదు.

వరద చూసిన ఇళ్లవాళ్లు ఇంకొంచెం లోతుగా చూడాలి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు, అంటే ఎంత నీరో ఊహించుకో. అలాంటి వరద తీసినచోట సన్నటి ఒండ్రు పేరుకుని, ఆరాక పెచ్చు కడుతుంది. పైన పోసిన నీరు కిందికి ఇంకదు, వేరుకు గాలి ఆడదు. గడ్డపార మొనతో జానెడు దూరానికొకటి చొప్పున నాలుగంగుళాల లోతు గుంటలు పొడిచి, ఇసుకా మాగిన ఎరువూ కలిపి నింపు. పిల్లలు ఆడే చోట, బండి నిలిపే చోట నేల గట్టిపడినా ఇదే చిట్కా.

ఇక మన చేతులారా తెచ్చుకునేవి కూడా చూసుకోవాలి కదా, నొచ్చుకోకు. ఎండాకాలం మనం ఏం చేస్తాం? టార్పాలిన్ పరిచి మిరపకాయలో, మామిడి ముక్కలో, వడియాలో ఎండబెడతాం. మధ్యాహ్నం ఎండకి ఆ పట్టా కింద గడ్డి ఉడికిపోతుంది. మచ్చ అంచులు నలుచదరంగా, గీత గీసినట్టు ఉన్నాయంటే కారణం అదే. ఈసారి డాబా మీద ఎండబెట్టు. మచ్చ మధ్యలో మాడి, చుట్టూ ముదురాకుపచ్చ వలయం ఉంటే అది కుక్క మూత్రం. పోసిన వెంటనే బకెట్ నీళ్లు కుమ్మరిస్తే మచ్చ పడదు. పిడికిలితో చల్లిన తీరు కనబడేలా చారలు చారలుగా మాడితే అది యూరియా. చదరపు మీటరుకు 10 గ్రాములు మించకూడదు, వేసిన వెంటనే తడిపేయాలి. వేడి గంజి, బ్లీచింగ్ కలిపిన నీళ్లు, బట్టల సబ్బు నీళ్లు గడ్డి వైపు పోయొద్దని పనమ్మాయికి కోపం లేకుండా ఒక్కమాట చెప్పు.

అవేవీ కాకపోతే నీళ్లు అన్నిచోట్లా సమానంగా పడుతున్నాయో లేదో చూద్దాం. స్ప్రింక్లర్ తిప్పినప్పుడు మచ్చలోనూ, బాగున్నచోటా ఒకేలాంటి ఖాళీ డబ్బాలు పెట్టు. పావుగంట తర్వాత దేన్లో తక్కువ నీళ్లున్నాయో చూస్తే నీకే తెలిసిపోతుంది. రోజూ కాసిని చిలకరించడం కన్నా, రెండు మూడు రోజులకోసారి లోతుగా తడపడం మేలు, వేరు కిందికి దిగుతుంది. గడ్డి కోసేటప్పుడు మూడో వంతుకు మించి తీయకు, బ్లేడు పదును పెట్టించు. మొద్దు బ్లేడు ఆకును చీల్చేస్తుంది, ఆ చీలిన కొసలన్నీ ఎండి లాన్ మొత్తం గోధుమరంగు తిరుగుతుంది.

మామిడిచెట్టు నీడలో గరిక పలచబడితే మాత్రం దానితో పోరాడకు. గరికకు ఎండ కావాలి, లేకపోతే బతకదు. అక్కడ నీడ తట్టుకునే ఆకుమొక్కలు పెట్టుకో, హాయిగా ఉంటుంది.

ఇన్ని చూసినా అంతుపట్టలేదా? దిగులెందుకు? మచ్చ అంచున సగం పచ్చ, సగం గోధుమ ఉన్నచోట వేర్లూ మట్టీతో సహా ఒక పెళ్ల తీసి, కొత్తగూడెం కృషి విజ్ఞాన కేంద్రానికో, అశ్వారావుపేట వ్యవసాయ కళాశాలకో పట్టుకెళ్లి చూపించు. పూర్తిగా ఎండిన గడ్డి తీసుకెళ్తే వాళ్లకీ ఏమీ తెలియదు, అంచునే తీయాలి, గుర్తుంచుకో. అడగడానికి మొహమాటపడకు, చెప్పడానికే వాళ్లున్నారు.

మరి రేపు పొద్దున మందుల షాపుకి పరిగెత్తకుండా, మంచు ఆరకముందే స్క్రూడ్రైవర్ పట్టుకుని లాన్‌లోకి వెళ్తావు కదూ? ముందు లాగి చూడు, తర్వాత గుచ్చి చూడు, అప్పుడే ఏం చేయాలో నిర్ణయించుకో.