ఫీజు కట్టాం, మాట నేర్పామా?
(ఇంజినీరింగ్ విద్యార్థులు పెద్దలతో, పరిశోధకులతో మాట్లాడేందుకు సిద్ధం కావడం గురించి)



నా దగ్గర పదో తరగతి చదివి, మన సొసైటీ ఉపకార వేతనంతో ఇంజినీరింగ్ మూడో సంవత్సరానికి వచ్చిన ఒక అబ్బాయి నిరుడు వేసవిలో ఒక పెద్ద విద్యాసంస్థకు వెళ్లాడు. అక్కడి ప్రొఫెసర్ గారు దయతో పది నిమిషాలు సమయమిచ్చి, "నీకు ఏ విషయం మీద ఆసక్తి?" అని అడిగారు. మనవాడు "ఏదైనా ఫర్వాలేదు సార్" అన్నాడు. అంతే, మాట అక్కడితో ఆగిపోయింది. తిరిగొచ్చి నాతో చెబుతూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మార్కుల్లో వాడు ఎవరికీ తీసిపోడు. ఎనిమిదో తరగతిలో క్రమశిక్షణకు బహుమతి ఇప్పించింది నేనే. ప్రశ్న అడగకుండా కూర్చున్నందుకే ఆ బహుమతి ఇచ్చానని ఇప్పుడు అనిపిస్తోంది.

మన పిల్లలకు ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. మూడు భాషలు వచ్చినా, కొత్తవారి ముందు మూడూ గొంతులోనే ఉండిపోతాయి. ఇంట్లో ఒక ఇంజినీరు ఉన్న పిల్లవాడు ఇలాంటి మాటలు భోజనాల దగ్గరే వింటాడు. మన పిల్లలకు వాటిని పాఠంలాగే చెప్పాలి.

ఒక సంభాషణ విలువ

అబ్దుల్ కలాం గారు మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేరడానికి వారి అక్క జొహరా తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టారని "వింగ్స్ ఆఫ్ ఫైర్" చదివినవారందరికీ తెలుసు. దాతలమైన మనకు ఆ ఘట్టం బాగా గుర్తుంటుంది. అదే పుస్తకంలోని ఇంకో ఘట్టాన్ని మనం అంతగా పట్టించుకోం. బెంగళూరులో ఆయన బృందం "నంది" అనే హోవర్‌క్రాఫ్ట్ తయారు చేసింది. ఆ పని మూలనపడ్డాక ఒకరోజు ఒక పెద్దమనిషి చూడడానికి వచ్చి ఎన్నో ప్రశ్నలు అడిగారు. కలాం గారు జవాబులు చెప్పి, ఆయనను ఎక్కించుకుని నడిపి చూపించారు. వచ్చినవారు టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన ప్రొఫెసర్ ఎం.జి.కె. మీనన్. వారం తిరిగేసరికి 1962లో ఏర్పడిన అంతరిక్ష పరిశోధన కమిటీ నుంచి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. ఇంటర్వ్యూ చేసినవారిలో విక్రమ్ సారాభాయ్, మీనన్ ఉన్నారు. అక్క బంగారం కాలేజీ గుమ్మం దాటించింది. రాకెట్ల దాకా చేర్చింది, తన పని గురించి తాను చెప్పగలిగిన మాట.

సన్నాహం ఎలా?

1. ముందు చదవాలి. కలవబోయే ప్రొఫెసర్ ఏం పని చేస్తున్నారో వారి సంస్థ వెబ్‌సైట్‌లో ఉంటుంది. వారి పరిశోధన పత్రం ఒకటి తీసుకుని సారాంశం, ముందుమాట, బొమ్మలు, ముగింపు చదివితే మొదటికి చాలు. అర్థమైన సంగతి ఒకటి, అర్థం కానిది ఒకటి నోటు పుస్తకంలో రాసుకోవాలి.

2. ప్రశ్న మన నేలలోంచి రావాలి. ఉదాహరణకు, నేలలో తేమను కొలిచే సెన్సర్ల మీద పనిచేసే ప్రొఫెసర్‌ను "భవిష్యత్తు ఎలా ఉంటుంది సార్?" అని అడిగితే ఆయన చెప్పేది ఏమీ ఉండదు. "మా పల్నాడు నల్లరేగడి ఎండితే బీటలు వారుతుంది. సెన్సర్‌కూ మట్టికీ మధ్య గాలి చేరితే రీడింగ్ తప్పుతుంది కదా, దాన్ని ఎలా సరిచేస్తారు?" అంటే ఆయన కుర్చీ ముందుకు జరుపుకుంటారు. మిరప చేను చూసిన పిల్లవాడికి ఆ ప్రశ్న పట్నం పిల్లవాడికంటే ముందు తడుతుంది. రైతు ఇంట పుట్టడం ఇక్కడ లోటు కాదు, బలం.

3. ఉత్తరం చిన్నదిగా ఉండాలి. తానెవరు, ఏం చదివాడు, ఏ సందేహం వచ్చింది, ఎంత సమయం కోరుతున్నాడు అనే నాలుగు విషయాలు చాలు. ఒకే ఉత్తరాన్ని పేరు మార్చి యాభైమందికి పంపితే, చదివేవారు మొదటి వాక్యంలోనే పసిగడతారు. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే మర్యాదగా ఒక్కసారి గుర్తుచేయవచ్చు. అప్పటికీ రాకపోతే చిన్నబుచ్చుకోకుండా ఇంకొకరికి రాయాలి.

4. ఒక నిమిషం పరిచయం సాధన చేయాలి. ఊరు, చదువు, చేసిన ప్రాజెక్టు, అందులో తన చేతి పని ఎంత? నలుగురు కలిసి చేసినదాన్ని "నేనే చేశాను" అనకూడదు. రెండో ప్రశ్నకే అది బయటపడుతుంది.

5. తెలియనిది తెలియదనాలి. "తెలియదు సార్, చదివి చెబుతాను" అనడం సిగ్గు కాదు. చెప్పినట్టు చదివి రాయకపోవడమే సిగ్గు.

6. మొదటి మాటలోనే ఉద్యోగం అడగకూడదు. సలహా అడిగితే మనిషి దగ్గరవుతాడు, సిఫారసు అడిగితే జాగ్రత్తపడతాడు. ఆ సాయంత్రమే కృతజ్ఞత తెలపాలి. నెల తర్వాత ఆ సలహాతో ఏం చేశాడో రెండు వాక్యాలు రాయాలి. పరిచయం నిలిచేది ఆ రెండో ఉత్తరంతోనే.

దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి రెండు నెలల వేసవి పరిశోధన ఫెలోషిప్ ఇస్తాయి. ఐఐటీ మద్రాసు వంటి సంస్థలూ వేసవి ఫెలోషిప్‌లు ఇస్తాయి. వేసవి వచ్చాక వెతికితే ఆలస్యమవుతుంది. చాలా ముందు నుంచే ప్రకటనల మీద కన్నేసి ఉంచాలి.

దాతలకు ఒక మనవి

మీలో గుంటూరు, హైదరాబాదులలో ఇంజినీర్లు ఉన్నారు, గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవారు ఉన్నారు, వ్యాపారులు ఉన్నారు. ఈ ఏడు చందాతోపాటు ఒక గంట కూడా ఇవ్వండి. ఏదో ఒక ఆదివారం మన పిల్లల్లో ఒకరిని ఎదుట కూర్చోబెట్టుకుని "నీకు ఏ విషయం మీద ఆసక్తి?" అని అడగండి. తడబడితే నవ్వకండి, మళ్లీ అడగండి. మీ ముందు పదిసార్లు తడబడిన పిల్లవాడు ప్రొఫెసర్ ముందు నిలబడగలడు. ఆడపిల్లలకూ ఈ అవకాశం సమానంగా ఇవ్వాలి. తల్లినో తండ్రినో వెంట రమ్మంటే సరిపోతుంది.

నేను చెప్పిన ఆ అబ్బాయి ఇప్పుడు మళ్లీ ఉత్తరం రాస్తున్నాడు. మొన్న ముసాయిదా తెచ్చి చూపించాడు. "ఏదైనా ఫర్వాలేదు" అన్న మాట అందులో లేదు. ఒక ప్రశ్న ఉంది. అది నాకు పూర్తిగా అర్థం కాలేదు. టీచరుగా అంతకంటే సంతోషం ఏముంటుంది?