సిబిల్ రిపోర్టులో తప్పులుంటే ఏం చేయాలి?



ఇంటర్, ఐటిఐ, డిప్లొమా పూర్తిచేసిన మన హాస్టల్ వాళ్లు చాలామంది పటాన్‌చెరు, పాశమైలారం, రుద్రారం కంపెనీల్లో పనిచేస్తున్నారు. కొందరు లక్డారంలోనే ఉన్నారు. జీతం మొదలవగానే కిస్తీల మీద ఫోను, తర్వాత బండి, ఆ తర్వాత చెల్లెలి చదువుకో ఇంటికో బ్యాంకు లోను. అక్కడ మనల్ని ఆపే మాట ‘సిబిల్’. దీని గురించి మనకు ఏ క్లాసులోనూ చెప్పలేదు. అందుకే ఈ వ్యాసం.

సిబిల్ అంటే ఏమిటి?

మన అప్పులు, కిస్తీల చరిత్రను రాసిపెట్టే సంస్థ సిబిల్. ఇది 2000లో ఏర్పడింది. ఇప్పుడు దీని పేరు ట్రాన్స్‌యూనియన్ సిబిల్. ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని మరో మూడు సంస్థలూ ఉన్నాయి. 2005లో వచ్చిన చట్టం ప్రకారం ఇవన్నీ రిజర్వు బ్యాంకు అదుపులో నడుస్తాయి. సిబిల్ స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది.

దీన్ని హాస్టల్ హాజరు పట్టికతో పోల్చవచ్చు. మనం వచ్చామో లేదో రాసేది మనం కాదు, వేరొకరు. వచ్చిన రోజున కూడా ‘ఆబ్సెంట్’ పడితే వెళ్లి అడగాల్సింది మాత్రం మనమే. క్రెడిట్ రిపోర్టూ అంతే. బ్యాంకు పంపిన వివరాన్నే ఆ సంస్థ రాసుకుంటుంది.

చిన్న అప్పులు కూడా ఇందులోకి వస్తాయి. 2010లో మన ఉమ్మడి రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ సంక్షోభం వచ్చింది. ఒకే మహిళ పేరున మూడు నాలుగు సంస్థల అప్పులుండేవి. ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చాక వసూళ్లు దాదాపు నిలిచిపోయాయి. ఆ తర్వాత మైక్రోఫైనాన్స్ అప్పుల వివరాలు కూడా ఈ సంస్థలకు వెళ్లసాగాయి. కాబట్టి మన రిపోర్టుతో పాటు అమ్మానాన్నల రిపోర్టూ చూడాలి. విద్యా రుణంలో వాళ్లే సహ రుణగ్రహీతలు కదా.

తప్పులు ఎలా వస్తాయి?

1. పేర్ల గందరగోళం: పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పాన్ కార్డులో చివర, ఆధార్‌లో ఒక్క అక్షరమే. పుట్టిన తేదీ ఒక్కోచోట ఒక్కోలా. అదే పేరున్న మరొకరి అప్పు మన ఖాతాలో చేరవచ్చు.
2. తీరిన అప్పు తీరనట్టు ఉండటం: మా మిత్రుడొకరు ఫోను కిస్తీలన్నీ కట్టేశాడు. రెండేళ్ల తర్వాత బండి లోనుకు వెళితే, ఆ ఫోను మీద ఇంకా బాకీ ఉందని చూపింది. పాత పాస్‌బుక్ పేజీలు దాచుకున్నందువల్లే నిరూపించుకోగలిగాడు.
3. సకాలంలో కట్టినా ఆలస్యమైనట్టు నమోదు కావడం.
4. మనం అసలు తీసుకోని అప్పు: ఎక్కడో ఇచ్చిన ఆధార్, పాన్ జిరాక్సులతో ఎవరో తీసుకున్నది.

సరిచేయించుకునే పద్ధతి

మొదట రిపోర్టు తెప్పించుకోండి. ఒక్కో సంస్థ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలని 2016లోనే రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆయా సంస్థల వెబ్‌సైట్లలోనే అడగండి. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు.

పేరు, పుట్టిన తేదీ, పాన్, ఫోను నంబరు, చిరునామా సరిచూడండి. తర్వాత ఒక్కో అప్పును చదవండి. ప్రతి నెలకూ ఎన్ని రోజులు ఆలస్యమైందో అంకెల్లో ఉంటుంది. 000 అంటే ఆలస్యం లేదని అర్థం. చివర్లో, లోను కోసం మన రిపోర్టును ఎవరెవరు చూశారో ఉంటుంది. మనకు తెలియని పేరు అక్కడుంటే అనుమానించాలి.

తప్పు కనిపిస్తే ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే ఫిర్యాదు చేయండి. అయితే బ్యాంకు ఒప్పుకోనిదే ఆ సంస్థ తనంతట తాను మార్చదు. అందుకే అప్పిచ్చిన బ్యాంకుకో ఫైనాన్స్ కంపెనీకో కూడా రాతపూర్వకంగా ఇవ్వండి. నో డ్యూ సర్టిఫికెట్, కిస్తీ రసీదులు, పాస్‌బుక్ పేజీ జతచేయండి. ఫిర్యాదు నంబరు, తేదీ రాసి ఉంచుకోండి.

ఫిర్యాదును 30 రోజుల్లో పరిష్కరించాలి. అది దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికీ జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆలస్యం చేయకుండా రాయండి. దానికి ఫీజు లేదు. సమాచారం కోసం 14448కు ఫోను చేయవచ్చు. మనం తీసుకోని అప్పు ఉంటే సైబర్ నేరాల నంబరు 1930కి కూడా చెప్పాలి.

గుర్తుంచుకోవాల్సినవి

నిజంగా ఆలస్యంగా కట్టిన కిస్తీని ఎవరూ చెరపలేరు. డబ్బు తీసుకుని చెరిపేస్తామనే ఏజెంట్లను నమ్మవద్దు. కొంత తగ్గించి కట్టిన అప్పు ‘సెటిల్డ్’ అని పడుతుంది, పూర్తిగా కట్టిందే ‘క్లోజ్డ్’. ఈ తేడా తెలుసుకుని సంతకం పెట్టండి. స్నేహితుడికి జామీను ఉంటే ఆ అప్పు మన రిపోర్టులోనూ కనిపిస్తుంది. అడిగినవారికల్లా జిరాక్సు ఇవ్వకండి. ఇవ్వక తప్పకపోతే దాని మీద ఎందుకిస్తున్నారో, ఏ తేదీనో రాసి ఇవ్వండి.

విద్యా రుణం కావలసిన తమ్ముళ్లకు ఒక మాట. సిబిల్ స్కోరు తక్కువన్న ఒక్క కారణంతో విద్యార్థికి విద్యా రుణం నిరాకరించకూడదని 2023 మేలో కేరళ హైకోర్టు చెప్పింది. అది వేరే రాష్ట్రపు తీర్పే అయినా, బ్యాంకులో మాట్లాడేటప్పుడు చెప్పదగినదే.

అప్పు చేయమని మేం చెప్పడం లేదు. చేసిన అప్పును నిజాయితీగా తీర్చినప్పుడు ఆ మాట మన పేరు పక్కన సరిగ్గా రాసి ఉండాలి. మన వెనుక ఆస్తులు లేవు, జామీను నిలిచే పెద్దలు లేరు. మనకున్న ఆస్తి మన పేరే. ఏడాదికొకసారి రిపోర్టు చూసుకోండి. చూడటం తెలియని వాళ్లకు పక్కన కూర్చుని చూపించండి.

— పూర్వ విద్యార్థులు